గుణదల యాత్ర: మా అవ్వ చెప్పిన ముచ్చట

మా అవ్వకు తొంబదియేండ్లు నిండినవి. నిన్న నేమి తినెనో మరచును గాని, 1958వ సంవత్సరము ఫిబ్రవరిలో తాను చేసిన గుణదల యాత్రను గూర్చి యడిగినచో నేటికిని పూసగ్రుచ్చినట్లు చెప్పును. లేపాక్షిలో మా యింటి యరుగుమీద గూర్చుండి యామె చెప్పిన సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మా పెద్దనాయన కప్పుడు మూడవ యేడు. అంతకు ముందటి వానకాలమున నాలుగు దినములు జ్వరము కాసి విడిచెను. కాని కుడికాలు చచ్చుబడెను. వైద్యుడు పోలియో యనెను. పోయిన బలమును దెచ్చు మందు లేదనెను. మేము కతోలికులము. “బిడ్డ నడిచినచో నా తలనీలాలు సమర్పింతును” అని యవ్వ గుణదల మరియమాతకు మ్రొక్కుకొన్నది. ప్రయాణమునాడు పొరుగింటామె, వీరభద్రస్వామి భక్తురాలు, ఒక టెంకాయ తెచ్చి, “నా పేరిట మీ తల్లికి కొట్టి రా, వదినా” అని చేత బెట్టెనట.

హిందూపురము వరకు తొమ్మిది మైళ్ళు ఎద్దులబండి, ఆపైన పొగబండి. పెనుకొండ, ధర్మవరము దాటి, గుంతకల్లులో బండి మారి, నంద్యాల కావల నల్లమల యడవిగుండ బెజవాడకు బోవలెను. మూటలో జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి. కృష్ణపై ప్రకాశం బ్యారేజి ముందటి యేడే, 1957లో, పూర్తియైనది. “వాన యెరుగని సీమలో బుట్టినదానను. అన్ని నీళ్ళొక్కచోట జూచి, బిడ్డను గూడ లేపి చూపితిని” అని యవ్వ నవ్వును.

బెజవాడ ప్రక్కనున్న గుణదల కొండచరియలో 1924లో ఆర్లాటి యను ఇటలీ దేశపు గురువు మరియమాత ప్రతిమను నెలకొల్పెను. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అచ్చట తిరునాళ్ళు జరుగును. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11వ తేదీన, కట్టెలేరబోయిన పదునాలుగేండ్ల పేదపిల్ల బెర్నదెత్తుకు మాత దర్శన మిచ్చెనని కతోలికుల విశ్వాసము. అవ్వ వెళ్ళిన యేటికి సరిగా నూరేండ్లు. క్రైస్తవులని, హిందువులని భేదము లేక జనులు కొవ్వొత్తులతో, టెంకాయలతో కొండ యెక్కుచుండిరట.

“వాని నెత్తుకొని మెట్లెక్కితిని. మాత యెదుట దింపి చేయి విడిచితిని. కూలబడెను. మరల నిలబెట్టితిని, మరల కూలబడెను. నాకు దుఃఖముకంటె కోపమెక్కువ వచ్చినది. మ్రొక్కు తీర్పకయే పోవుదు ననుకొని మెట్టుమీద గూలబడితిని.”

అది చూచి యొక కన్యస్త్రీ ప్రక్కన గూర్చుండి బెర్నదెత్తు కథ చెప్పెనట. లూర్దు ఊటనీటిచే నెందరో స్వస్థులైరని చెప్పుదురు గాని, బెర్నదెత్తుకు మాత్రము ఉబ్బసము జీవితాంతము విడువలేదు. 1879లో, ముప్పదియైదవ యేట, ఆమె మరణించెను.

“దర్శనము పొందిన పిల్లకే లేని బేరము నాకేల యనిపించినది. లేచిపోయి తలనీలా లిచ్చితిని. బిడ్డ నడిచినందుకు గాదు, ఊరకే యిచ్చితిని.”

ఊరు చేరగానే బోడితలను జూచి యందరును “బిడ్డ నడిచెనా?” యని యడిగిరి. పొరుగింటామె మాత్ర మేమియు నడుగలేదు. ప్రసాదపు టెంకాయచిప్ప నందుకొని, బిడ్డను తన చంక కెత్తుకొన్నది. అయిదేండ్లు నిండినప్పటినుండి ఆ యిద్దరు స్త్రీలును వంతులు వేసికొని వానిని బడికి మోసిరి. మా పెద్దనాయన ఊతకర్రతోనే చదువు ముగించి, ఉపాధ్యాయుడై, వందల పిల్లలకు పాఠములు చెప్పెను.

1995లో మనదేశమున పల్స్ పోలియో కార్యక్రమ మారంభమైనప్పుడు మా వీధి పిల్లల నందరిని చుక్కలమందునకు దోడుకొనిపోయినది అవ్వయే. 2014లో భారతదేశము పోలియోరహితమైనదని ప్రకటించిరి. ఆ వార్త చదివి వినిపింపగా నవ్వ జపమాల దీసి కన్నుల కద్దుకొని, “ఆ చుక్కలు రెండు మా కాలమున నుండిన...” అని యూరకుండెను.

తల్లులారా! మ్రొక్కులు మీ విశ్వాసమునకు దగినట్లు మ్రొక్కుకొనుడు. కాని మీ పసివారికి చుక్కలమందు వేయించు దినమును మాత్రము మరువకుడు. ఇది మా యవ్వ మాట.