నివసింపదగిన దేశమేది?

2022వ సంవత్సరము డిసెంబరు నెలలో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి పక్షమున "సామాజిక ప్రగతి సూచిక" అను పట్టిక యొకటి వెలువడినది. భారతదేశమందలి రాష్ట్రములను, కేంద్రపాలిత ప్రాంతములను అందు తూచి వరుస నిర్ణయించిరి. మొదటి స్థానము పుదుచ్చేరికి లభించినది. నూటికి 65.99 మార్కులు. పిమ్మట లక్షద్వీపములు, గోవా. చివరి రెండు స్థానములు బిహారుకు, ఝార్ఖండుకు దక్కినవి. పుదుచ్చేరి అనగా అందు యానాము చేరినదే. యానాము అనగా అందు మన దరియాలతిప్ప చేరినదే. అట్లయిన దేశమంతటిలో మిక్కిలి సుఖముగా బ్రతుకుచున్నవారము మనమేనా?

అవుననిగాని కాదనిగాని తొందరపడి చెప్పరాదు. అసలు ఇట్టి పట్టికలు ఎట్లు తయారగుచున్నవో, వారు దేనిని లెక్కించుచున్నారో, దేనిని విడిచిపెట్టుచున్నారో ముందు తెలిసికొనవలెను. రాష్ట్రములకే కాదు, ప్రపంచమందలి దేశములకును ఏటేట ఇట్టి వరుసలు కట్టుచున్నారు. "ఆ దేశము మొదటిది, మన దేశము నూట ముప్పదవది" అని పత్రికలలో చదివి, పిల్లవానిని ఎట్లయినను విదేశమునకు పంపవలెనని తలపోయు తల్లిదండ్రులు మన పేటలలోను కలరు.

పూర్వము దేశముల గొప్పతనమును కొలుచుటకు ఒక్కటే కొలత యుండెను. అది ఆదాయము. దేశపు మొత్తము ఆదాయమును జనసంఖ్యచే భాగించి, వచ్చిన మొత్తము ఎక్కువయైనచో గొప్ప దేశమనిరి. ఈ పద్ధతి చాలదని మహబూబ్ ఉల్ హక్ అను పాకిస్తాను ఆర్థికవేత్త వాదించెను. ఆయన జమ్ములో పుట్టినవాడు, తన దేశమునకు ఆర్థిక మంత్రిగా పనిచేసినవాడు. కేంబ్రిడ్జిలో ఆయనతో కూడ చదివిన మన అమర్త్య సేన్ ఈ ప్రయత్నమునకు తోడ్పడెను. మనుష్యుల బ్రతుకును ఒక్క అంకెలో ఇరికించుట మోటుపని యని సేన్ మొదట సందేహించెనట. ఆదాయము అను మోటు అంకెను గద్దె దింపవలెనన్నచో, అంత సులభముగా నోట పలుకదగిన మరియొక అంకె కావలెనని హక్ పట్టుపట్టెను. అట్లు 1990లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి మొదటి మానవాభివృద్ధి నివేదిక వెలువడినది.

ఆ మొదటి నివేదికలో ఒక వింత కలదు. 130 దేశములను క్రిందినుండి పైకి లెక్కించిరి. కావున 1 అను సంఖ్య అన్నిటికన్న వెనుకబడిన నైజరుకును, 130 అను సంఖ్య అన్నిటికన్న ముందున్న జపానుకును పడినవి! పిదప ఈ వరుసను త్రిప్పివేసిరి. పట్టికను చేతబట్టినపుడు ముందు ఏ వైపునుండి లెక్కించిరో చూచుకొనవలెను.

ఇక లెక్కకు వత్తము. మానవాభివృద్ధి సూచిక ముక్కాలిపీట వంటిది. దీర్ఘాయువు ఒక కాలు, చదువు ఒక కాలు, ఆదాయము ఒక కాలు. 2025 నివేదికలో 2023 నాటి భారతదేశపు అంకెలు ఇచ్చినారు. పలక తీసికొని వేసి చూడుడు.

ఆయువునకు కనిష్ఠము 20 ఏండ్లు, గరిష్ఠము 85 ఏండ్లు అని వారు పెట్టుకొనిరి. మన దేశమున పుట్టిన శిశువునకు ఆశింపదగిన ఆయువు 72 ఏండ్లు. అందుండి 20 తీసివేసిన 52. దానిని 65 చేత భాగించిన 0.80. చదువునకు రెండు కొలతలు. నేడు బడిలో చేరు బిడ్డ చదువునని ఆశింపదగినవి సుమారు 13 ఏండ్లు. గరిష్ఠము 18 గనుక 0.72. ఇరువదియైదేండ్లు నిండిన పెద్దలు సగటున చదివినవి 6.9 ఏండ్లు, గరిష్ఠము 15 గనుక 0.46. ఈ రెండింటి సగటు 0.59. ఆదాయము మనిషికి ఏటికి 9,047 డాలర్లు. ఇచ్చటి ధరలకు తగినట్లు సరిచేసిన డాలర్లు ఇవి. ఆదాయమునకు మాత్రము సామాన్య భాగహారము పనికిరాదు. నూరు రూపాయలు గలవానికి మరియొక నూరు వచ్చిన పొయ్యిమీద కూర ఎక్కును. లక్షలు గలవానికి ఆ నూరు వచ్చినదియు తెలియదు. అందుచే సంవర్గమానములతో లెక్కింతురు. అట్లు చేయగా 0.68 వచ్చును.

ఇప్పుడు 0.80, 0.59, 0.68 అను మూడింటిని గుణించిన సుమారు 0.321. దాని ఘనమూలము 0.685. నివేదికలో భారతదేశమున కెదురుగా అచ్చయిన అంకె ఇదియే. 193 దేశములలో మనది 130వ స్థానము. బంగ్లాదేశము మనతో సమానముగా నిలిచినది. ఐసులాండు 0.972తో మొదటిది, నార్వేయు స్విట్జర్లాండును దాని వెనుక. దక్షిణ సూడాను చివరిది. చైనా 78, శ్రీలంక 89. 1954 వరకు మన యానామును ఏలిన ఫ్రాన్సు 26.

2010కి పూర్వము ఈ మూడింటిని కూడి మూడుచే భాగించెడివారు. అప్పుడు ధనబలము కలిగిన దేశము తన విద్యాలోపమును కప్పిపుచ్చుకొనుటకు వీలుండెను. గుణించుటవలన ఆ వీలు తగ్గినది. ముక్కాలిపీటకు ఒక కాలు పొట్టిదైనచో మిగిలిన రెండింటిని ఎంత పెంచినను పీట ఒరుగుట మానదు గదా. మన దేశపు పీటలో పొట్టికాలు ఏదో పై లెక్కయే చెప్పుచున్నది: 6.9. సగటు భారతీయుడు ఏడవ తరగతి ముగియకముందే పలక క్రింద పెట్టినాడన్నమాట. నూట ముప్పది అను స్థానసంఖ్యకన్న ఈ అంకెను జ్ఞాపకముంచుకొనుట మేలని నా అభిప్రాయము.

ఏ దేశమున నుండుట మేలు అను ప్రశ్న యానాము వారికి పత్రికలో చదువుకొనెడి వినోదప్రశ్న మాత్రమే కాదు. ఒకప్పుడు వారు దానికి సంతకముపెట్టి సమాధానము చెప్పవలసివచ్చినది. 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశమునకు వచ్చినను, శాసనరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న గాని పూర్తి కాలేదు. 1956 మే 28న కుదిరిన ఒప్పందము ఆనాడు అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఇచ్చట పుట్టి ఇచ్చటనే నివసించుచున్న ఫ్రెంచి పౌరులు భారతపౌరులగుదురు. కాని ఆరు నెలల లోపున వ్రాతపూర్వకముగా కోరుకొన్నవారు ఫ్రెంచి పౌరులుగా నిలువవచ్చును. ఒక్క కాగితము, ఆరు నెలల గడువు. హక్ గారి పట్టిక పుట్టుటకు ఇంకను ఇరువదియెనిమిదేండ్లు కలవు. పల్లెవాని చేతిలో ఏ అంకెయు లేదు. ఇల్లు, పొలము, వల, బంధువులు, పింఛను, భాష, ఇవి తూచుకొని నిర్ణయించుకొనవలసినదే. అత్యధికులు భారతీయులుగనే నిలిచిరి. కొందరు ఫ్రెంచి పౌరులైరి. ఎవరిది సరియైన నిర్ణయమని నేడు పట్టిక చూపి తీర్పు చెప్పుట అవివేకము; ఫ్రాన్సు సగటు ఫ్రాన్సుది, ఆ యింటి బ్రతుకు ఆ యింటిది.

మరియొక నిర్ణయము ఇటీవలిది. 2001 జనాభా లెక్కలలో యానాములో 31,394 మంది యుండిరి. 2011 నాటికి 55,626 మందియైరి. పదేండ్లలో నూటికి 77 వంతున పెరుగుట పురిటిండ్ల వలన మాత్రమే జరుగదు. బయటినుండి వచ్చి స్థిరపడినవారు చాలమంది యుండవలెను. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు ఆంధ్రప్రదేశమందలి నా సహాధ్యాయులు యానామనగానే "అదృష్టవంతుల ఊరు" అనుచుండిరి. పట్టికలో మొదటి స్థానము రాకమునుపే మన ఊరికి వారి నోట మొదటి స్థానము వచ్చినదన్నమాట.

ఇక ఆ 2022 పట్టిక. అందు ఆదాయమును అసలు లెక్కింపనే లేదు. ప్రాథమికావసరములు, క్షేమమునకు పునాదులు, అవకాశములు అను మూడు విభాగములలో 89 అంశములు చూచిరి. నివాసగృహములు, మంచినీరు, పారిశుద్ధ్యము, వ్యక్తిస్వేచ్ఛ అను వానియందు పుదుచ్చేరి మెచ్చుకోలు పొందినది. ఇది సంతోషింపదగినదే. కాని పుదుచ్చేరి అనునది ఒకచోట నున్న భూమి కాదు. పుదుచ్చేరి, కారైకాలు తమిళభూమిలో, మాహె మలయాళభూమిలో, యానాము గోదావరి ఒడ్డున. 2011లో మొత్తము 12,47,953 మందిలో పుదుచ్చేరి జిల్లావారే 9,50,289 మంది. యానామువారు నూటికి నలుగురైదుగురు మాత్రమే. నూరుమంది పిల్లల మార్కులకు సగటు కట్టునపుడు అందు నలుగురు తప్పినను సగటు కదలదు. ఆ నలుగురికి మాత్రము సంవత్సరము పోవును.

అక్షరాస్యతనే చూడుడు. 2011లో కేంద్రపాలిత ప్రాంతమంతటికి నూటికి 86 ప్రాంతము. మాహెలో 98 ప్రాంతము. యానాములో 80కి అటునిటుగా. ఒకే ప్రభుత్వము, ఒకే జండా, ఒకే మొదటి స్థానము; నడుమ పదునెనిమిది మెట్ల తేడా. మాహెవారు మనకన్న ధనవంతులగుట చేత ఇట్లైనదనుట సులభమైన జవాబు. చుట్టునున్న కేరళదేశమున ఆడపిల్లలను బడికి పంపు అలవాటు తరములనాడే నాటుకొనినదను సంగతి అంతకన్న ముఖ్యమని తలంతును.

ఆ సంవత్సరమే జూలైలో గోదావరికి గొప్ప వరద వచ్చినది. ధవళేశ్వరము వద్ద సెకనుకు 25 లక్షల ఘనపుటడుగులకు మించిన ప్రవాహము సాగి, యానాములోని పెక్కు పేటలలో నీరు నిలిచినది. ఐదు నెలల పిమ్మట మొదటి స్థానము వచ్చినది. రెండును నిజములే. నీటిలో నానిన పుస్తకములు ఏ అంశమునకు చెందునో మాత్రము ఆ 89లో వెదకిన దొరకదు.

భాషయు అట్టిదే. ఐక్యరాజ్య సమితి వారి సూచిక బడిలో గడచిన ఏండ్లను లెక్కించును గాని, ఆ ఏండ్లలో బిడ్డకు ఏమి అర్థమైనదో లెక్కింపదు. ప్రపంచ బ్యాంకు వారు ఆ కొరతను తీర్ప యత్నించిరి. 2020లో వారు వెలువరించిన అంకెల ప్రకారము భారతీయ బాలుడు పదునెనిమిదవ ఏటికి బడిలో 11.1 ఏండ్లు గడపును. నేర్చిన దానిని బట్టి తూచినచో అవి 7.1 ఏండ్లకు మాత్రమే సమానము. నడుమ నాలుగేండ్లు ఎచ్చటికి పోయినవి? బల్లమీద కూర్చుండియు పాఠము తలకెక్కని రోజులలోనికి పోయినవి. ఇంటిలో తెలుగు, కార్యాలయపు కాగితములలో తమిళము, ఇంగ్లీషు. ఇట్టి చోట నివసించు తల్లిదండ్రులు ఈ అంకెను ఒకటికి రెండుమారులు చదువవలెను. ఏ మాధ్యమమున చేర్పించినను, సాయంకాలము బిడ్డచేత ఆనాటి పాఠమును తన మాటలలో తెలుగున చెప్పించి చూచినచో, ఆ దినము లెక్కకు వచ్చినదో రాలేదో తెలియగలదు.

సంతోషమును కొలుచు పట్టిక యొకటి కలదు. పది మెట్ల నిచ్చెనను ఊహించి, నీవు ఏ మెట్టుమీద నున్నావని ఒక్కొక్క దేశమున సామాన్యముగా వేయిమందికి అటునిటుగా అడుగుదురు. 2018 నుండి 2025 వరకు ఫిన్లాండే మొదటిది. దీనిని గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. వేటకు పోయినవాడు తిరిగి వచ్చినదినమున ఒక మెట్టు చెప్పును, రాని దినమున అతని భార్య వేరొక మెట్టు చెప్పును.

దరియాలతిప్పకు ఏ పట్టికలోను గడి లేదు. కావున విద్యార్థులే ఒకటి గీయవచ్చును. ఒక్కొక్కరు పది యిండ్లకు పోయి, 25 ఏండ్లు నిండిన ప్రతివారిని ఎన్ని ఏండ్లు బడికి పోయితిరని మర్యాదగా అడుగుడు. బడిముఖమే చూడని మామ్మకు సున్న వేయవలెను. ఆమెను విడిచిపెట్టిన లెక్క తప్పగును. ఆడవారిని, మగవారిని వేరు వేరుగా కూడుడు. ఏ భాషలో చదివితిరి, ఏ కారణమున మానితిరి అని మరి రెండు గడులు చేర్చుడు. ఇవి ఐక్యరాజ్య సమితి వారి వద్ద లేవు. మొత్తమును మనుష్యుల సంఖ్యచే భాగించి, 6.9 ప్రక్కన పెట్టి చూడుడు. ఈ లెక్కలోనికి మీరెవ్వరును ఇప్పుడు రారు. నేడు పదవ తరగతిలో పదునైదేండ్ల వయస్సుననున్న పిల్ల ఇందులో చేరుటకు ఇంకను పదేండ్లు కలవు. ఆమె పేరుకెదురుగా పది అని వ్రాయుదురో, పదునైదని వ్రాయుదురో ఇంకను తేలలేదు.