పశువుల సూదులు పెంటకుప్పకు చేరనీయకండి

గేదెకు జ్వరమొస్తే సూదిమందు వేయిస్తాం. డాక్టరు వెళ్ళిపోయాక ఖాళీ సీసా, సిరంజి కొట్టంలోనే పడి ఉంటాయి. మర్నాడు పేడ ఎత్తేటప్పుడు చెత్తతోపాటు అవీ పెంటకుప్పకు పోతాయి. అక్కడితో పీడ వదిలిందనుకోకండి. ఎరువు తోలినప్పుడు సూదీ చేలోకి వెళుతుంది. నాట్లేసే కూలీ అరికాల్లో దిగుతుంది, లేదా పచ్చిగడ్డితో కలిసి తిరిగి గాడిలోకే వస్తుంది.

పశువు మేతను మనలా నమిలి తినదు. గబగబా మింగి, తీరిగ్గా నెమరేస్తుంది. మింగిన సూది తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా ఉండే రెండో పొట్టలో ఆగుతుంది. దాని ముందు పలుచని పొర, ఆ వెంటనే గుండె. పొట్ట కదిలినప్పుడల్లా సూది ముందుకు పొడుచుకుపోతుంది. నిండు చూడి పశువుకు, ఈనేటప్పుడు ప్రమాదం మరీ ఎక్కువ. మేత మానేస్తుంది, పాలు ఉన్నట్టుండి పడిపోతాయి, వీపు వంచి ముందుకాళ్ళ మోచేతులు ఎడంగా పెట్టి నిలబడుతుంది, పల్లం దిగడానికి జంకుతుంది. తర్వాత దవడ కింద, గంగడోలు దగ్గర నీరు చేరుతుంది. ముందే కనిపెడితే పొట్ట కోసి తీస్తారు. గుండెదాకా పోతే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అజీర్తి అనుకుని వాము, శొంఠి పోస్తూ రోజులు గడపకండి.

మూత బిగుతుగా ఉండే మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పిల్లలకందని ఎత్తులో పెట్టుకోండి. నేల తుడిచే మందు డబ్బా సరిపోతుంది. నీళ్ళ సీసా పనికిరాదు, సూది పొడుచుకొస్తుంది. పురుగుమందు డబ్బా అసలే వద్దు. వాడిన సూదికి మళ్ళీ తొడుగు పెట్టబోకండి, చేతికి గుచ్చుకునేది తరచు అప్పుడే. సిరంజితో సహా డబ్బాలో వేయండి. ఇంట్లో షుగరుకు వాడే ఇన్సులిన్ సూదులూ అందులోకే. ముప్పాతిక నిండాక మూతకు టేపు చుట్టి పశువుల ఆసుపత్రిలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడిగి ఇవ్వండి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు పశువైద్యశాలలకూ వర్తిస్తాయి, కనుక మొహమాటం అక్కర్లేదు. కాల్చేద్దామంటారా? సిరంజి కాలుతుంది, సూది బూడిదలోనే ఉంటుంది. ఆ బూడిద పోసేది మళ్ళీ పెంటకుప్పలోనే కదా!

చేతికి గుచ్చుకుంటే పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మనుషులకు వాడిన సూదైతే హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. పశువుల మందైతే సీసా వెంట తీసుకెళ్ళండి. ముఖ్యంగా 4–8 నెలల పెయ్యదూడలకు వేసే బ్రూసెల్లా టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది, అది మనిషికీ సోకుతుంది. ఆ టీకా వేసే రోజు దూడను కదలకుండా పట్టుకోవడానికి చేయి తిరిగిన మనిషిని పెట్టుకోండి.