పందుల తొట్టిలో చిటికెడు మందు

మన భాషలో పందికి జరిగినంత అన్యాయం మరే జంతువుకీ జరగలేదు. ఎవరి మీదనన్నా కోపం వస్తే ముందుగా నోటికి వచ్చేది దాని పేరే. మాటకారితనంతో లోకాన్ని మభ్యపెట్టేవాణ్ణి గురించి ‘నందిని పందిని చేస్తాడు, పందిని నందిని చేస్తాడు’ అంటాం. అయితే మన పెద్దలు దాన్ని కేవలం చులకనగానే చూశారనుకోవటానికి వీలులేదు. భూదేవిని సముద్రంలోంచి పైకెత్తిన దేవుడు దాల్చినది ఆ రూపమే. తిరుమలలో వెంకటేశ్వరస్వామి కంటె ముందు వరాహస్వామిని దర్శించుకోవటం ఆచారం. మన తాతలు లెక్కపెట్టుకున్న బంగారు నాణానికి ‘వరహా’ అని పేరు వచ్చింది కూడా దాని మీది వరాహ ముద్ర వల్లనే.

ఆ కొండ కిందనే, తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయంలో, పందుల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరుగుతూ వస్తున్నది. ఏ జాతి పందికి ఏ మేత వేస్తే ఎంత పెరుగుతుందన్నది అటువంటి చోట్ల వేసుకునే ప్రశ్నల్లో ముఖ్యమైనది. తవుడు, నూకలు, వేరుశనగ చెక్క, హోటళ్లలో మిగిలిన అన్నం—ఇవన్నీ మన వైపు పందుల మేతే. దేశదేశాల్లో అయితే మేతలో ఏదో ఒక పొడి కలిపి, ‘ఇది వేస్తే మీ పందులు త్వరగా బలుస్తాయి’ అని అమ్మే వ్యాపారం చాలా పెద్దది. ఆ పొడి నిజంగా పనిచేస్తుందా లేదా అని తేల్చే పరీక్షల కథ ఇది.

‘పందుల మేత సంగతి మాకెందుకు?’ అని పాఠకులు విసుక్కోవద్దని మనవి. ఆ తొట్టిలో కలిపిన చిటికెడు పొడికీ, మన ఇంట్లో చంటిపిల్లవాడికి జబ్బు చేస్తే డాక్టరు వ్రాసే మందుకూ దగ్గర సంబంధం వుంది. ఆ సంబంధంలో ఒక తెలుగువాడి పేరు కూడా వున్నది.

తూచి చూస్తే చాలదా?

పుట్టినప్పుడు కిలోన్నర కూడా తూగని పందిపిల్ల మంచి మేత పడితే అయిదారు నెలల్లో నూరు కిలోలవుతుంది. దానిది మనలాగే ఒకే అర వున్న పొట్ట. ఆవులాగా గడ్డి నెమరు వేసి బ్రతకలేదు. మనం తినే ధాన్యమే దానికీ కావాలి. అందుచేత పందిని పెంచేవాడి ఖర్చులో సగం కంటె ఎక్కువ మేతకే పోతుంది. ఆ ఖర్చు ఏమాత్రం తగ్గుతుందన్నా ఆశ పుట్టటం సహజం.

సరే, మందు కలిపిన మేత ఒక పందికీ, కలపని మేత మరొక పందికీ పెట్టి, మూడు నెలలయ్యాక తూస్తే తేలిపోదా? పోదు. ఎందువల్లనో గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు. రెండు జాడీల ఆవకాయ పెట్టి, ఒకదానిలో కొత్త కారమూ కొత్త నూనె రెండూ వాడి, అది బాగా కుదిరిందనుకోండి. గొప్పదనం కారానిదో నూనెదో ఎవరు చెప్పగలరు? అసలు ఆ జాడీలోని కాయే మంచిదేమో!

పందుల్లోనూ అంతే. ఒక తల్లి పిల్లలు చురుకుగా పెరుగుతాయి, మరొక తల్లి పిల్లలు నెమ్మదిగా పెరుగుతాయి. విత్తు కొట్టిన మగపంది ఆడపందికంటె ఎక్కువ తిని, ఎక్కువ కొవ్వు పడుతుంది. కొట్టంలో బలమైనది తొట్టి దగ్గర మిగతావాటిని నెట్టి ముందు తాను మేస్తుంది. తూచబోయే ముందు కడుపునిండా నీళ్లు తాగిన పంది, తాగనిదానికంటె ఆ పూటకి బరువు తూగుతుంది. ఇన్ని తేడాల మధ్య చిటికెడు పొడి చేసిన తేడా ఎక్కడని వెతకటం?

అందుకని పరీక్షకు కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని, బరువు చూసి, ఆడామగా చూసి, అన్ని జట్లకూ సమంగా పంచాలి. ఏది ఏ జట్టులోకి వెళ్లాలన్నది మనిషి ఇష్టానికి వదలక చీట్లు వేసి తేల్చాలి. లేకపోతే మందు మీద మోజున్నవాడు తెలియకుండానే నదరుగా వున్న పిల్లల్ని ఆ జట్టులోకి తోస్తాడు. ఒక జట్టుకి మందులేని మేత పెట్టి తీరాలి. మిగతాదంతా—మేత, నీరు, గాలి, చోటు—అందరికీ ఒకటే. ప్రతివారం ఒకే వేళకి తూచాలి. ఏ కొట్టంలో ఏ మేత పడుతున్నదో తూచేవాడికి తెలియకపోతే మరీ మంచిది.

ఇంకొక చిక్కు వుంది. ఒక కొట్టంలో పది పందులు ఒకే తొట్టిలో తింటే, మొత్తం మీద ఎంత తిన్నాయో తెలుస్తుంది గాని దేని వాటా ఎంతో తెలియదు. ఆ కొట్టంలో గాలి సరిగా ఆడకపోతే పదీ కలిసే చిక్కిపోతాయి. గనుక లెక్కలో ఆ పదీ కలిపి ఒక్కటే. ఒక్కొక్క మేతకి ఒక పెద్ద కొట్టంలో నూరు పందుల్ని వేసి చేసిన పరీక్షకంటె, పదేసి పందులున్న పదేసి కొట్టాల్లో చేసిన పరీక్ష మాట నమ్మదగినది.

ముప్ఫయి పందులు, అయిదు కొట్టాలు

1930లలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఇటువంటి పరీక్ష ఒకటి జరిగింది. ముప్ఫయి పందుల్ని అయిదు కొట్టాల్లో వుంచి, మాంసకృత్తులు హెచ్చుతగ్గులుగా వున్న మూడు రకాల మేతలు పెట్టి, వారం వారం తూచారు. ఆ తూకాల పట్టికను జాన్ విషార్ట్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు 1938లో విప్పి చూపించాడు. చివరి రోజు బరువొక్కటే చూసి ఊరుకోక, ప్రతి పందీ ఏ వేగంతో పెరిగిందో, ఆ వేగం వారాలు గడిచేకొద్దీ ఎలా మారిందో లెక్కకట్టాడు. మొదటి రోజు బరువులో వున్న తేడాని తీసివేసి పోల్చే పద్ధతి చూపాడు. ఇవాళ కూడా గణాంక శాస్త్రం చదివేవారికి ఆ ముప్ఫయి పందులు పరిచయమే.

ఇలా పెరుగుదల రేఖల్ని పోల్చే విద్యని మరికొంత దూరం నడిపించినవారిలో మనవారొకరున్నారు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుని ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సి. ఆర్. రావుగారు, 1958లో సరిగ్గా ఈ విషయం మీదనే వ్యాసం ప్రకటించారు. ఆయన నూరేళ్లు నిండా బ్రతికి 2023లో కన్నుమూశారు.

లెక్క తేలాక రైతు అడిగే ప్రశ్న వేరు: ‘నాకేం మిగులుతుంది?’ ఒక పంది డెబ్బయి కిలోలు పెరగాలి. కిలో పెరగటానికి మూడు కిలోల మేత చొప్పున 210 కిలోలు కావాలి. మందు కలిపితే 2.9 కిలోలు చాలుననుకుందాం. 203 కిలోలతో సరిపోతుంది. మిగిలింది ఏడు కిలోల మేత. మందు ఖరీదు అంతకు మించిందో, పంది బలిసినా రైతు చిక్కిపోతాడు.

భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా

ఇక మందు సంగతి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్లో లెడర్లే పరిశోధనాలయానికి నాయకత్వం వహించారు. ఆ నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక బంగారు వన్నె సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. అనేక రకాల అంటురోగాల మీద పనిచేసే మందు కావటం వల్ల వేలమంది ప్రాణాలు నిలిచాయి. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఆయన పోయిన కొద్ది మాసాలకే అదే ప్రయోగశాలలో ఒక వింత కనిపించింది. థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, కోడిపిల్లల పెరుగుదలకు కావలసిన బి12 విటమిన్ కోసం వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిలో ఆ విటమిన్ వుంటుందని దాన్ని మేతలో కలిపి చూశారు. 1948 డిసెంబరులో తూస్తే, విటమిన్ వల్ల రావలసిన దానికంటె ఎక్కువ బరువు కనిపించింది. పిప్పిలో మిగిలిపోయిన మందు ఛాయే ఇందుకు కారణమని తరువాత తేలింది. పందుల మీద పరీక్షించిన చోట కూడా అదే ఫలితం. 1950లో ఈ వార్త బయటకు పొక్కగానే మేత వ్యాపారులు ఎగబడ్డారు. కొద్ది సంవత్సరాల్లో, జబ్బులేని పందికి కూడా రోజూ మందు తినిపించటం పాశ్చాత్య దేశాల్లో మామూలైపోయింది.

దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో బ్రౌడె అనే శాస్త్రజ్ఞుడు పందులకు రాగి మీద వున్న మక్కువ గమనించాడు. ఆయనా, ఆయన తోటివారూ చేసిన పరీక్షల్లో, క్వింటాలు మేతకి సుమారు నూరు గ్రాముల మైలుతుత్తం కలిపితే పందులు చురుకుగా పెరుగుతాయని 1955 నాటికి రుజువైంది. అయితే ఆ మేతే గొర్రెకు పెడితే రాగి విషమై చస్తుంది. పంది ఒంటబట్టని రాగి అంతా పెంటతో పొలంలోకి చేరుతుంది.

త్రాసు చూడనిది

ఆ పరీక్షలు తప్పుడు పరీక్షలని అనటానికి లేదు. చీట్లు వేశారు, పోల్చారు, తూచారు. చూసిన దాన్ని ఉన్నదున్నట్టే చెప్పారు. అయినా ఒక చిక్కు అప్పుడే కనిపించింది: శుభ్రమైన కొత్త కొట్టంలో ఆ మందు ప్రభావం అంతగా లేదు, మురికి కొట్టంలో ఎక్కువగా వుంది. అంటే శుభ్రత చేయవలసిన పని కొంత మందు చేస్తున్నదన్నమాట.

అంతకంటె పెద్ద సంగతి త్రాసుకు అందనేలేదు. పంది పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి. కొద్దికొద్దిగా రోజూ మందు తగిలితే మెత్తనివి చచ్చి మొండివి మిగులుతాయి. ఆ మొండితనాన్ని ఒకదానినుంచి ఒకటి అరువు పుచ్చుకునే శక్తి కూడా వాటికి వున్నది. అవి పెంటలోంచి, నీటిలోంచి, పనివాళ్ల చేతుల్లోంచి, మాంసంలోంచి మనుషుల్ని చేరగలవు. రోగికి ఆ మందే ఇస్తే పనిచేయదు. మూడు నెలల్లో ముగిసే మేత పరీక్షలో దీన్ని కొలిచే గడి లేదు.

బ్రిటన్‌లో స్వాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1969లోనే హెచ్చరించింది; మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల్ని పశువుల పెరుగుదల కోసం మేతలో కలపవద్దన్నది. స్వీడన్ 1986లో ఆ వాడుకను పూర్తిగా మానింది. పందుల పెంపకానికి పేరుపడ్డ డెన్మార్కులో 1998లో పెద్ద పందులకీ, 1999 చివరికి పిల్లలకీ మానేశారు. మొదట్లో తల్లిపాలు మాన్పించిన పిల్లలకి విరేచనాలు పెరిగిన మాట నిజమే. శుభ్రత, మేత, పాలు మాన్పించే వయస్సు సవరించుకున్నారు; పందుల పరిశ్రమ మాత్రం మునిగిపోలేదు. 2006 జనవరి నుంచి ఐరోపా సమాఖ్య అంతటా పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు కలపటం నిషేధం. అమెరికాలో 2017 నుంచి, మనుషులకు ముఖ్యమైన మందుల్ని ఇందుకు వాడటం ఆగింది.

2015లో చైనా శాస్త్రజ్ఞులు ఒక భయంకరమైన వార్త చెప్పారు. మరే మందూ పనిచేయనప్పుడు చివరి ఆశగా రోగికి ఇచ్చే కొలిస్టిన్‌ను లెక్కచేయని గుణం, పందుల్లోని సూక్ష్మజీవులలో ఒకదానినుంచి మరొకదానికి పాకుతున్నదని కనిపెట్టారు. కొలిస్టిన్‌ను అక్కడ మేతలో కలిపేవారు. చైనా ఆ వాడుకను 2017లో ఆపింది. మన ప్రభుత్వం 2019లో తిండికై పెంచే పశుపక్ష్యాదులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

పెంటను కూడా తూచినవారు

మేతలో కలిపేవన్నీ ఇటువంటివే అనుకోరాదు. ధాన్యంలోని భాస్వరంలో చాలా భాగం ఫైటేట్ అనే పదార్థంలో తాళం వేసినట్టు వుంటుంది. పందికి ఆ తాళం తీసే శక్తి అంతగా లేదు. తిన్న భాస్వరం పెంటలో పోతుంది. రైతు విడిగా మళ్లీ భాస్వరం కొని కలపాలి. పందులెక్కువ, భూమి తక్కువ అయిన హాలెండులో ఆ పెంట కాలవల్లోకి చేరి నాచు విపరీతంగా పెరిగింది. 1991లో ఫైటేజ్ అనే తాళంచెవి అంగడికి వచ్చింది. దాన్ని పరీక్షించినవారు పంది బరువుతోపాటు పంది విసర్జించినదాన్ని కూడా కూడబెట్టి, తూచి, అందులో ఎంత భాస్వరం పోయిందో చూశారు. పంది ఎముక గట్టిపడింది, పెంటలో భాస్వరం తగ్గింది.

పాలు మాన్పించిన పిల్లల విరేచనాలకు పనిచేసిన జింక్ ఆక్సైడు విషయంలోనూ చివరికి పెంటనే చూడవలసి వచ్చింది. మందుగా అది గుణమిచ్చినా, పొలాల్లో జింకు పేరుకుంటున్నదన్న కారణం చేత ఐరోపా 2022 జూన్‌తో ఆ మోతాదు వాడకాన్ని ఆపివేసింది.

ఈ కథలో మన సంసారాలకు పనికివచ్చేది కొంత వుంది. పిల్లలు పొడుగవుతారనీ, తెలివి పెరుగుతుందనీ బొమ్మలతో సహా ప్రకటించే పొడులు మన వంటింటి అలమరలోకి కూడా వస్తూనే వుంటాయి. కొనేముందు పంది మేతకు వేసే ప్రశ్నలే వేయటం నామోషీ కాదు. ఎవరితో పోల్చి చెబుతున్నారు? పోల్చిన పిల్లలు మిగతా అన్నిటిలో సమానులేనా? చీట్లు వేసింది ఎవరు, తూచింది ఎవరు? ఏది తూచకుండా వదిలారు? సమాధానం దొరకకపోతే, ఆ డబ్బుతో పాలూ పప్పూ కొనుక్కోవటం మేలు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. జలుబు చేసిందనో, పక్కింటివారికి నయమైందనో మందుల షాపులో అడిగి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకుని, రెండు మింగి రెండు డబ్బాలో దాచటం మనలో చాలామందికి అలవాటు. పందుల తొట్టిలో జరిగిన పని అదే: రోగమేదో చూడకుండా, కొద్దికొద్దిగా, ఎప్పుడంటే అప్పుడు. ఆ అలవాటును డెన్మార్కు రైతు మానుకుని ఇరవయ్యేళ్లు దాటింది. డాక్టరు వ్రాస్తేనే కొనటం, ఆయన చెప్పినన్నాళ్లూ వాడటం—ఈ రెండు నియమాలూ మన ఇళ్లలో ఈ రోజునుంచే పెట్టుకోవచ్చు.