ఫ్లాటు కొంటున్నారా? డబ్బు పంపే ముందు ఈ కాగితాలు అడగండి

ఊళ్లో సొంతిల్లు ఉన్నా హైదరాబాద్ పక్కనో, విజయవాడ పక్కనో ఒక ఫ్లాటు ఉండాలని గల్ఫ్‌లో ఉన్న మనలో చాలామందికి ఆశ. పిల్లల చదువుకు పనికొస్తుంది, తిరిగి వెళ్లాక అద్దె వస్తుంది. ఆశలో తప్పేం లేదు. కానీ ఈ ఆశ తెలిసినవాళ్లే వాట్సాప్‌లో రంగుల బొమ్మలు పంపి, "అన్నా, ప్రీ లాంచ్ ఆఫర్, ఒకేసారి కట్టేస్తే సగం రేటే" అంటున్నారు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన ఇట్లాగే ఒక చిన్న బిల్డర్‌కు పద్దెనిమిది లక్షలు కట్టారు. అందులో కొంత పదకొండేళ్ల కష్టం, కొంత ఊళ్లో వడ్డీకి తెచ్చింది. మూడేళ్లయినా పిల్లర్లు లేవలేదు. ఆయన చేతిలో ఉన్నది ఒక రసీదు, ఒక నోటరీ కాగితం. ఈలోపు ఇక్కడి కంపెనీ మూడు నెలల జీతం ఆపింది. ఫిర్యాదు చేద్దామంటే, "వద్దు సార్, ఈ పని కూడా పోతే వడ్డీ ఎట్లా కట్టాలె?" అన్నారు. అక్కడి అప్పు ఇక్కడ మన నోరు కట్టేస్తుంది. అందుకే ఫ్లాటు సంగతి మన హక్కుల సంగతి కూడా.

రెరా నంబర్ ఉందా?

2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు (సుమారు 600 గజాలు) దాటినా, ఫ్లాట్లు 8 దాటినా ఆ ప్రాజెక్టును ముందు రెరాలో రిజిస్టర్ చేయాలి. అది కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అంటే రెరా నంబర్ లేని "ప్రీ లాంచ్" ఆఫర్ చట్టవిరుద్ధం. తెలంగాణకూ, ఆంధ్రకూ వేర్వేరు రెరా వెబ్‌సైట్లు ఉన్నాయి. బిల్డర్ చెప్పిన నంబర్ అక్కడ కొట్టి చూడండి, ఫోన్‌లోనే తెలిసిపోతుంది.

రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో మీకు ఈ రక్షణలు ఉంటాయి:

• సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.
• కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచి, దాని స్థలానికీ కట్టుబడికే వాడాలి.
• చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు. ఫ్లాటే కావాలంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు.
• అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి.
• ధర కార్పెట్ ఏరియా మీద చెప్పాలి. "1,200 అడుగులు" అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్ కలిపారా అని అడగండి.

చిన్న బిల్డింగ్ అయితే?

300 గజాల్లో నాలుగంతస్తులు వేసి ఏడెనిమిది ఫ్లాట్లు అమ్మే బిల్డర్‌కు రెరా నంబర్ అక్కర్లేకపోవచ్చు. అంతమాత్రాన అది మోసమని కాదు. కానీ రెరా చూసుకోదు కాబట్టి మీరే చూసుకోవాలి.

స్థలం చాలాసార్లు బిల్డర్‌ది కాదు, వేరే యజమానిది. వాళ్లిద్దరి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయిందా, మీకు చూపించే ఫ్లాటు అందులో బిల్డర్ వాటాకు వచ్చిందా చూడండి. యజమాని వాటాలోని ఫ్లాటును బిల్డర్ అమ్మలేడు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించండి. మున్సిపల్ ప్లాన్‌లో ఎన్ని అంతస్తులకు పర్మిషన్ ఉందో లెక్కపెట్టండి. పైన అదనంగా వేసిన అంతస్తులో ఫ్లాటు చవకగా వస్తుంది, తర్వాత కూల్చివేత నోటీసు కూడా వస్తుంది. పర్మిషన్ ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీకి తనఖా పెట్టిన ఫ్లాటు కాదని కూడా నిర్ధారించుకోండి. ఈ కాగితాలన్నీ మీరు పెట్టుకున్న లాయరే చూడాలి, బిల్డర్ చూపించిన లాయర్ కాదు.

డబ్బు, సంతకం

డబ్బు మీ ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా నుంచి నేరుగా అమ్మేవాళ్ల ఖాతాకే వెళ్లాలి. హవాలా, ఏజెంటు చేతికి నగదు వద్దు. రేపు కోర్టులో మీ మాట నిలబెట్టేది బ్యాంకు స్టేట్‌మెంటే. ఒకేసారి కట్టకుండా పునాది, స్లాబు, గోడలు, ఇలా పని లేచిన కొద్దీ కట్టేలా రాయించుకోండి.

ఇక్కడి బ్యాంకులో లోన్ తీసి అక్కడ కట్టకండి. పని పోయి వాయిదాలు ఆగితే కేసు, ట్రావెల్ బ్యాన్ పడొచ్చు. రాబోయే గ్రాట్యుటీని నమ్మి మాట ఇవ్వకండి. అది చేతికి వచ్చాకే మీది.

రిజిస్ట్రేషన్‌కు వెళ్లలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. మన ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో అటెస్టేషన్ చేయించి పంపాలి, అది ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ ఒక్క ఫ్లాటు కొనుగోలు వరకే అధికారం ఇవ్వండి. అమ్మే అధికారం, తనఖా పెట్టే అధికారం రాయకండి. బిల్డర్ మనిషికి అసలే ఇవ్వకండి.

ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. డబ్బు మీరు పంపి, రిజిస్ట్రేషన్ అన్న పేరునో మరిది పేరునో చేయిస్తే కాగితం ప్రకారం అది వాళ్లదే. ఇది అయినవాళ్లను అనుమానించడం కాదు. డాక్యుమెంటులో మీ పేరు ఉండాలని ముందే చెప్పండి, తర్వాత గొడవ ఉండదు.

ఇప్పటికే ఇరుక్కుంటే

రెరా పరిధిలోని ప్రాజెక్టు అయితే, బిల్డర్ రిజిస్టర్ చేయకపోయినా, రెరాకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చిన్న బిల్డింగ్ అయితే వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కానీ వివాదం మొదలైన 2 ఏళ్లలోపే వేయాలి. "వచ్చే నెల, వచ్చే నెల" అని బిల్డర్ తిప్పేది ఆ గడువు దాటించడానికే కావొచ్చు. రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు కాగితాలు ఏవీ పారేయకండి. మా వాలంటీర్ల దగ్గరకు అవి పట్టుకుని రండి, ఫిర్యాదు రాయడంలో సాయం చేస్తాం. కొత్తగా కొనేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే వస్తే ఇంకా మంచిది.