స్టీరింగ్ పక్కకు లాగుతోందా? యాక్సిల్ విప్పే ముందు టైరు చూడండి

కరీంనగర్, ఆదిలాబాద్: నాట్ల సమయంలో ట్రాక్టరు ఒక్కరోజు నిలిచిపోయినా రైతుకు నష్టమే. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ ఆయకట్టులో రోజుల తరబడి బురదలో దమ్ము చేసే ట్రాక్టర్లకు, ఉమ్మడి ఆదిలాబాద్ నల్లరేగడి చేలల్లో దుక్కి దున్నే ట్రాక్టర్లకు ముందు చక్రాల భాగాలు త్వరగా అరిగిపోతుంటాయి. సీజన్ ముగిసి ట్రాలీ తగిలించి రోడ్డెక్కిన తర్వాతే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్న సంగతి బయటపడుతుంది. అప్పుడు చాలామంది నేరుగా షెడ్డుకు తీసుకెళ్లి ముందు యాక్సిల్ విప్పిస్తారు. చివరకు లోపం టైరు గాలిలోనో, బ్రేకు పెడల్‌లోనో ఉందని తేలిన సందర్భాలు తక్కువేమీ కావు. తక్కువ ఖర్చుతో చూడగలిగిన వాటిని మొదట చూసి, ఖరీదైన వాటిని చివరకు వదిలేయడమే సరైన పద్ధతి.

ఎప్పుడు లాగుతోంది?

పానా పట్టుకునే ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి. నడుస్తున్నంత సేపూ లాగుతుంటే టైర్లు, బేరింగులు, టైరాడ్లను అనుమానించాలి. బ్రేకు తొక్కినప్పుడే లాగితే లోపం ముందు చక్రాల్లో లేదు, వెనుక బ్రేకుల్లో ఉంది. ఫోర్‌వీల్ లివర్ వేసినప్పుడే ఇబ్బంది పెడితే ముందు డ్రైవ్‌ను పరీక్షించాలి.

గాలి, టైరు

రెండు ముందు టైర్లలో గాలి సమానంగా లేకుంటే తక్కువ గాలి ఉన్న వైపునకు ట్రాక్టరు లాగుతుంది. చేతితో నొక్కి అంచనా వేయకుండా గేజీతో కొలిపించాలి. గాలి సరిగా ఉన్నా లాగుతుంటే రెండు ముందు చక్రాలను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి కొద్దిదూరం నడపాలి. లాగుడు రెండో వైపునకు మారితే లోపం టైరుదే. మారకపోతే అప్పుడు చక్రం వెనుక ఉన్న భాగాల వైపు చూడాలి.

జాకీపై పరీక్ష

వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, యాక్సిల్‌ను జాకీతో లేపి, కింద గట్టి దుంగను ఆసరాగా ఉంచాలి. కేవలం జాకీని నమ్ముకుని కిందకు దూరరాదు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపాలి. చక్రం మాత్రమే కదిలితే బేరింగ్ వదులైందని, చక్రంతో పాటు దాన్ని మోసే భాగం కూడా కదిలితే కింగ్‌పిన్ బుష్ అరిగిందని గుర్తించాలి. తర్వాత ఎడమ, కుడి అంచులు పట్టుకుని ఊపాలి. అప్పుడు ఆట కనిపిస్తే టైరాడ్ బాల్‌జాయింట్లను మార్చాల్సి ఉంటుంది. కొంతదూరం నడిపి ఆపిన వెంటనే రెండు హబ్‌లపై జాగ్రత్తగా చెయ్యి ఆనించి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఒకటి రెండోదాని కన్నా బాగా వేడిగా ఉంటే ఆ వైపు బేరింగ్ బిగుసుకుపోతోందని అర్థం.

టైర్ల లోపలి లేదా బయటి అంచు మాత్రమే అరుగుతుంటే చక్రాల వరుస తప్పినట్టు. హబ్ ఎత్తులో రెండు టైర్ల వెనుక భాగాన సుద్దముక్కతో గుర్తు పెట్టి వాటి మధ్య దూరం కొలవాలి. ఆ గుర్తులు ముందుకు వచ్చేదాకా ట్రాక్టరును నెట్టి మళ్లీ కొలవాలి. ముందు దూరం కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. ఎంత ఉండాలన్నది ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

బ్రేకుతోనే పెద్ద ముప్పు

ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. పొలంలో మలుపు తిరగడానికి కుడి, ఎడమ పెడళ్లు విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కే ముందు వాటిని గొళ్లెంతో కలపాలి. కలిపినా ఒక పెడల్ ముందు, మరొకటి ఆలస్యంగా పట్టుకుంటే ట్రాక్టరు ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. నిర్మల్ వద్ద మహబూబ్ ఘాట్ వంటి వాలులో, వెనుక వడ్ల ట్రాలీ ఉన్నప్పుడు, ఇది ప్రాణాంతకం. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు అదుపు తప్పి మూసీ కాల్వలో పడి 15 మంది మృత్యువాత పడ్డారు. కారణం ఏదైనా, ట్రాలీ ఉన్న ట్రాక్టరు అదుపు తప్పితే ఫలితం ఎలా ఉంటుందో ఆ ఘటన చాటింది. ట్రాలీలో మనుషులను ఎక్కించకపోవడమే మొదటి జాగ్రత్త.

ఫోర్‌వీల్ డ్రైవ్‌లో లోపాలు

ఈ ట్రాక్టర్లలో ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా స్వల్పంగా వేగంగా తిరిగేలా గేర్లు అమర్చుతారు. బురదలో టైరు కొద్దిగా జారుతుంది గనుక ఇబ్బంది ఉండదు. తారు రోడ్డుపై లివర్ వేసి నడిపితే ఆ ఒత్తిడంతా గేర్లపై, షాఫ్టుపై పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు అరిగిపోతాయి, లివర్ వెనక్కు రాదు. అప్పుడు బలవంతంగా లాగకుండా కొన్ని అడుగులు రివర్స్ నడిపితే ఒత్తిడి తగ్గి లివర్ వస్తుంది. ముందు, వెనుక టైర్లలో ఒక జతను వేరే సైజుకు మార్చినా ఇదే సమస్య తలెత్తుతుంది.

ముందు చక్రాలు లాగడం లేదన్న అనుమానం వస్తే ఇంజిన్ ఆపి, గేరు, ఫోర్‌వీల్ లివర్ వేసి, రెండు ముందు చక్రాలనూ పైకి లేపాలి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది వ్యతిరేక దిశలో తిరగాలి. మధ్యలోని షాఫ్టు కూడా తిరుగుతుంటే లివర్ సరిగా పట్టుకోవడం లేదు. షాఫ్టు, రెండో చక్రం రెండూ కదలకపోతే యాక్సిల్ లోపల ఏదో విరిగినట్టే. ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేస్తే ట్రాక్టరు జాకీపై నుంచి దూకే ప్రమాదముంది.

దమ్ము ముగిశాక ముందు యాక్సిల్ ఆయిల్‌ను తప్పక చూడాలి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే ఆయిల్ సీల్ గుండా నీరు చేరిందని అర్థం. సీలు, ఆయిల్ అప్పుడే మార్చిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. నిర్లక్ష్యం చేస్తే తుప్పు పట్టి బేరింగులు, గేర్లు మొత్తం మార్చాల్సి వస్తుంది. బురద కడిగిన రోజే గ్రీజు పెట్టించడం, యాసంగి దుక్కులకు ముందు ఒక పూట ఈ పరీక్షలన్నీ వరుసగా చేసుకోవడం ప్రతి ట్రాక్టరు యజమానికీ మేలు.