ఇంటిపేరు మారినా బడి మారదుగా!

మా నిడమనూరు, మిర్యాలగూడ వైపు పదో తరగతి బ్యాచ్‌ల సమ్మేళనాలు ఈమధ్య జోరుగా సాగుతున్నాయి. శాలువాలు, ఫొటోలు, భోజనాలు అయ్యాక పూర్వ విద్యార్థుల సంఘం పెడదామంటారు. చూస్తే చాలాచోట్ల అధ్యక్షుడి నుంచి కోశాధికారి దాకా మగవాళ్లే! "ఆడవాళ్లు దొరకలేదమ్మా" అంటారు.

దొరకరు మరి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారె, ఊరు మారె. బడి రిజిస్టర్లో ఉండేది పుట్టింటి పేరే. కాబట్టి పుట్టింటి గడపలోనే వాకబు చేయండి. వాళ్లమ్మనో, వదిననో అడిగితే ఫోన్ నంబరు ఇట్టే దొరుకుతుంది.

"కమిటీలో ఉంటావా?" అంటే "మా ఆయన్నడగాలి" అంటుంది. అదే "మన క్లాసు వాళ్లు పదిమందికి ఫోన్ చేసిపెట్టవే" అనండి, సాయంత్రానికి పదిహేను మందికి చేస్తుంది. కార్యదర్శి ఆమే! ఇక లెక్కలంటారా? పొదుపు సంఘాల్లో నెలనెలా తీర్మానాలు రాసే చేతులకు అదేం కొత్త?

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదుకి ఏడుగురుంటే చాలు. అందులో ముగ్గురైనా మనవాళ్లుండాలని నేను పట్టుబడతాను. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదన్న మాట లేకపోతే ఎవరెత్తుతారు చెప్పండి?

అన్నట్టు, మీటింగు రాత్రి ఎనిమిదికి పెట్టకండి. మధ్యాహ్నం, తిరుగు బస్సు అందే వేళకి పెట్టండి.