పగ, న్యాయం: 'అంధా కానూన్' చిత్రంలో ఒక చట్టపరమైన వాదన

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు: (1) ద్వంద్వ శిక్ష నిషేధం అంటే ఏమిటో వివరించగలుగుతారు, (2) సినిమాలోని వాదనకూ చట్టానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

నేపథ్యం

1983లో విడుదలైన హిందీ చిత్రం 'అంధా కానూన్'కు దర్శకుడు మన తెలుగువారైన తాతినేని రామారావు. రజనీకాంత్‌కు ఇది తొలి హిందీ చిత్రం. 1981లో వచ్చిన తమిళ చిత్రం 'సట్టం ఒరు ఇరుట్టరై' దీనికి మాతృక. అదే ఏడాది చిరంజీవితో తెలుగులో 'చట్టానికి కళ్లు లేవు'గా వచ్చిన కథ కూడా ఇదే. తన కుటుంబాన్ని బలిగొన్నవారిపై కథానాయకుడు పగ తీర్చుకోవాలనుకుంటాడు. పోలీసు అధికారిణి అయిన అతని అక్క చట్టం ద్వారానే వారిని శిక్షించాలంటుంది.

ఖాన్ వాదన

అమితాబ్ బచ్చన్ పోషించిన ఖాన్ పాత్ర మన చర్చకు కీలకం. ఒక వ్యక్తిని హత్య చేశాడన్న నేరంపై ఖాన్ ఏళ్ల తరబడి జైలులో ఉంటాడు. నిజానికి ఆ వ్యక్తి బతికే ఉన్నాడు. విడుదలయ్యాక ఖాన్ అతన్ని నిజంగానే చంపి, 'ఈ హత్యకు శిక్ష ముందే అనుభవించాను, మళ్లీ ఎలా శిక్షిస్తారు?' అని ప్రశ్నిస్తాడు. ప్రేక్షకులకు ఇది తిరుగులేని వాదనగా తోస్తుంది.

చట్టం ఏమంటుంది?

రాజ్యాంగంలోని 20(2) అధికరణం ప్రకారం ఒకే నేరానికి ఎవరినీ ఒకసారికి మించి విచారించి శిక్షించరాదు. ఇక్కడ 'ఒకే నేరం' అన్న మాటను జాగ్రత్తగా గమనించండి. ఒకడు ఒక దుకాణంలో దొంగతనం చేసి శిక్ష అనుభవించాడనుకుందాం. బయటికొచ్చి అదే దుకాణంలో, అదే వస్తువును మళ్లీ దొంగిలిస్తే అది కొత్త నేరమే. అలాగే ఖాన్‌పై వచ్చిన మొదటి తీర్పు, జరగని ఒక ఘటనకు సంబంధించినది. విడుదల తరువాతి హత్య వేరే రోజున జరిగిన వేరే చర్య. కాబట్టి విచారణ తప్పదు. గతంలో అన్యాయంగా అనుభవించిన జైలును 161వ అధికరణం కింద గవర్నర్ క్షమాభిక్ష కోరేటప్పుడు ప్రస్తావించవచ్చు. అంతేగాని, అది హత్యకు అనుమతి కాదు.

మిగిలిన ప్రశ్న

ఖాన్ వాదన వీగిపోయినా అతని బాధ అబద్ధం కాదు. కోల్పోయిన ఏళ్లకు బాధ్యులెవరు? ఆ సంవత్సరమే సుప్రీంకోర్టు రుదుల్ సా కేసులో దీనికి దగ్గరి ప్రశ్నను ఎదుర్కొంది. 1968లో నిర్దోషిగా తీర్పు పొందిన ఆయన 1982 వరకు బీహారు జైలులోనే ఉండిపోయారు. 32వ అధికరణం కింద కోర్టు నేరుగా నష్టపరిహారం ఇప్పించింది: అప్పటికే ప్రభుత్వం చెల్లించిన 5,000 రూపాయలకు అదనంగా 30,000 రూపాయలు. పూర్తి పరిహారం కోసం దావా వేసే హక్కునూ మిగిల్చింది. పద్నాలుగేళ్ల జీవితానికి ఆ మొత్తం చాలా తక్కువ. అయినా, ప్రాథమిక హక్కును హరించిన ప్రభుత్వం అందుకు మూల్యం చెల్లించాలన్న సూత్రం ఆ తీర్పుతో బలపడింది.

పగ ప్రధానమైన చిత్రాలను చూసేటప్పుడు రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోండి: పాత్రకు జరిగిన అన్యాయం నిజమైనదేనా? అది ఎంచుకున్న పరిష్కారం చట్టం ముందు నిలుస్తుందా? మొదటిదానికి 'అవును' అన్నంత మాత్రాన రెండోదానికీ అదే జవాబు కానక్కరలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఖాన్ వాదనకు 20(2) అధికరణం ఎందుకు వర్తించదు?
2. ఖాన్‌కు జరిగిన అన్యాయానికీ రుదుల్ సాకు జరిగిన అన్యాయానికీ గల పోలికను, తేడాను రాయండి.